నా పేరు మీద ఆమె వేలు

నాకు కోపం ఎక్కువ. చిల్కానగర్‌లో మా వీధి మొత్తానికి ఈ సంగతి తెలుసు కాబట్టి దాచి లాభం లేదు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక బేరింగుల కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్లు కొలత పరికరాలు తనిఖీ చేసే ఉద్యోగం చేశాను. మైక్రోమీటరు వెంట్రుకవాసి తప్పు చూపించినా దానికి ఎర్ర ట్యాగు కట్టి పక్కన పడేసేవాణ్ని. రిటైరై ఆరేళ్లయినా ఆ బుద్ధి పోలేదు. కూరగాయల బండి మీది కాటా దగ్గర్నుంచి ఆస్పత్రిలో బీపీ మిషను దాకా ప్రతిదాన్నీ అనుమానంగానే చూస్తాను. అందుకని సంతోషి మా గుమ్మం ముందు నిలబడి, ఫోనుతో గుండె చూస్తానన్నప్పుడు నాకు ఒళ్లు మండింది.

సంతోషికి పాతికేళ్లుంటాయి. బోడుప్పల్ నుంచి రోజూ స్కూటీ మీద వస్తుంది. ఒక సేవాసంస్థ తరఫున మా కాలనీలో అరవై దాటినవాళ్లందరికీ గుండె లయ సరిగ్గా ఉందో లేదో చూస్తోంది. ఫోను వెనక కెమెరా మీద చూపుడువేలు ఆనించి ఒక నిమిషం కదలకుండా ఉండాలి. పక్కనున్న లైటు వెలుగుకి వేలు ఎర్రగా మెరుస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలిలోకి రక్తం వచ్చి పోతుంటుంది కదా, ఆ రాకపోకల్ని కెమెరా పట్టుకుంటుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం సమంగా ఉంటే పచ్చ రంగు, చిందరవందరగా ఉంటే ఎరుపు. ఇదీ ఆ అమ్మాయి చెప్పింది.

"లయ తప్పితే ఏమవుతుందమ్మా?" అని మా ఆవిడ విజయశ్రీ అడిగింది.

"గుండెల రక్తం సక్కగ పారక గడ్డ కడ్తదంట ఆంటీ. ఆ గడ్డ పోయి మెదడుల ఇరికితే కాలూ సెయ్యీ పడిపోతయి. మా తాతకు గట్లనే అయింది. ముందుగాల ఎవ్వరు సూడలే. ఎర్రగొస్తే భయపడేది లేదు, డాక్టర్ ఈసీజీ తీసి ఖాయం జేస్తడు. గోలీలున్నయి."

విజయ అప్పటికప్పుడు వేలు పెట్టింది. పచ్చ వచ్చింది. నేను మాత్రం, కెమెరా అన్నది ఫోటోలు తీసుకోవడానికి ఉన్న వస్తువనీ, దాన్ని నమ్మి వేలిచ్చే అమాయకుణ్ని కాననీ చెప్పి పంపించేశాను.

అది మంగళవారం. బుధవారం మళ్లీ వచ్చింది. నేను పార్కుకి పోయాను. శుక్రవారం మూడోసారి వచ్చింది. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, బయట ఏప్రిల్ ఎండ. విజయ ఆ పిల్లని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, ఫోను పట్టుకుని నేనున్న గదిలోకి వచ్చింది.

"ఏమండీ, ఒక్క నిమిషం వేలు పెట్టండి. పాపం, మూడోసారి ఎక్కి వచ్చింది."

"పెట్టను. ముప్పైసార్లు ఎక్కమను" అన్నాను పేపరు చాటునుంచే. ఆమె ఫోనుతో వంటింటివైపు వెళ్లింది. కాసేపటికి ఆ అమ్మాయి థాంక్యూ అంకుల్ అని బయటినుంచే కేకేసి మెట్లు దిగిపోయింది. నేను పేపరు తిప్పాను.

మర్నాడు పొద్దున సంతోషి ఫోను చేసింది. "అంకుల్, నిన్న నెట్ లేక రంగు సూపలే, ఇప్పుడే వచ్చింది. మీది ఎర్రగ ఉన్నది. ఫికర్ జెయ్యకున్రి గని, ఇయ్యాలనే నాచారంల సుధీంద్ర సార్ దగ్గర ఈసీజీ తీపిచ్చుకోవాలె."

ఒంటికాలి మీద లేచాను. నేను వేలే పెట్టలేదు. పెట్టని వేలికి ఎరుపు ఎలా వస్తుంది? ఇంట్లో కూర్చుని తోచిన రంగు రాసుకుంటున్నారన్నమాట, ఇలాంటి దొంగ రీడింగులు రాసిన ఇద్దరు కుర్రాళ్లని నేను సర్వీసులో ఉండగా ఇంటికి పంపించాను. ఆ అమ్మాయిని వెంటనే ఇంటికి రమ్మన్నాను. రాగానే నిలబెట్టి అడిగాను. ఎవరి వేలు చూసి నా పేరు రాశావు, మీ పై ఆఫీసరు నంబరు ఇయ్యి అన్నాను.

"నేను గట్ల జెయ్య అంకుల్. ఆంటీకి ఫోన్ ఇచ్చిన, మీతోని పెట్టిచ్చి తెచ్చింది. పేరు కింద టైం గూడ ఉంది సూడున్రి." ఫోను నా ముందుకు చాపింది. "నా నౌకరి పోతది అంకుల్, గట్ల అనకున్రి."

నేను నంబరు కోసం పట్టుబట్టాను. అప్పుడు విజయ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ చెప్పింది.

"ఆ పిల్లని ఏమీ అనకండి. వేలు నేను పెట్టాను."

సంతోషి రెండడుగులు ముందుకు వేసి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆంటీ, అయితే ఇది మీదే. మీ గుండెనే తప్పుతాంది."

"నాదెలా అవుతుంది? నాది మంగళవారమే పచ్చగా వచ్చింది కదా. నిన్న పెట్టింది ఆయన కోసం. ఊరికే పెట్టానా, గోత్రం చెప్పుకుని, పేరు చెప్పుకుని మరీ పెట్టాను."

ఆమె ఎగతాళికి అనలేదు. నలభై ఏళ్లుగా నాతో కాపురం చేస్తున్న మనిషి, బీఏ చదివింది, పన్నెండేళ్లు స్కూల్లో సోషల్ చెప్పింది. అలాంటిది ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో అనుమానం లేదు.

"విజయా, వేలు ఎవరిదైతే గుండె వాళ్లదే" అన్నాను, వీలైనంత నెమ్మదిగా.

"గుళ్లో మీరెప్పుడైనా నిలబడ్డారా? ప్రతి శనివారం నేనొక్కదాన్నే వెళ్లి మీ పేరూ గోత్రం చెప్పి అర్చన చేయిస్తున్నాను. అది మీకు చెందట్లేదా? చెందుతుందనేగా ఇన్నేళ్లూ చేయించాను." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీ కోపానికి ఎప్పుడో ఒకప్పుడు గుండెకి వస్తుందని నేను అనుకుంటూనే ఉన్నాను. లేవండి, చొక్కా వేసుకోండి."

ఇలాంటి వాదనకి జవాబు నాకు సర్వీసులో ఎవరూ నేర్పలేదు. నా మటుకు నాకు అసలు విషయం తేలికగానే కనిపించింది. ఒకే వేలు, మూడు రోజుల తేడాతో రెండు రీడింగులు, ఒకటి పచ్చ, ఒకటి ఎరుపు. అంటే పరికరం చెడిపోయింది. ట్యాగు కట్టి అవతల పడేస్తే సరిపోతుంది. ఆ మాటే సంతోషితో అని, తలుపు వేసుకోబోయాను.

ఆ అమ్మాయి గుమ్మం దాటలేదు. "ఒక్కటి అడుగుత అంకుల్. ఆంటీకి ఆయాసం గిట్ల వస్తదా?"

రాదన్నాను. నాకు తెలిసి రాదు. కూరగాయలు తెచ్చేటప్పుడు రెండో అంతస్తులో ఆగి వెంకటనర్సమ్మ గారితో పావుగంట కబుర్లు చెబుతుంది, అంతే. ఆ ఆలస్యం మీద నేను రోజూ విసుక్కుంటాను కూడా.

సంతోషి నావైపు చిత్రంగా చూసింది. "వెంకటనర్సమ్మవ్వనా? ఆమె ఉగాదికి ముందే అన్నోజిగూడల బిడ్డ ఇంటికి పోయింది కదా అంకుల్. తాళమున్నదని నేను రాసుకున్న."

నేను విజయ వైపు చూశాను. ఆమె గోడ మీది క్యాలెండరు వైపు చూసింది. తాళం వేసిన తలుపు ముందు, మెట్టు మీద, కూరగాయల సంచీ పక్కన పెట్టుకుని ఒక్కతే కూర్చుని ఊపిరి కూడదీసుకునేదన్నమాట. పైకి వచ్చాక నేను అరిచేవాణ్ని, ఆమె ఊరుకునేది. ఆ పూట నా మీద నాకు కలిగిన అసహ్యం ఇంతా అంతా కాదు.

నాచారంలో డాక్టర్ సుధీంద్ర మా ఇద్దరికీ ఈసీజీ తీశాడు. విజయ తృప్తి కోసం ముందు నాకు. నాది బాగుంది. తర్వాత ఆమెది. అదీ బాగానే ఉంది.

"చూశారా" అంది విజయ.

"అయితే ఫోను తప్పే కదండీ" అన్నాను. అనడానికి అన్నాను గానీ, జీవితంలో మొదటిసారి ఒక పరికరం తప్పయితే బాగుండునని దేవుణ్ని వేడుకున్నాను.

డాక్టరు చిన్నవాడే అయినా ఓపిక ఉన్నవాడు. నేను చేసిన పని ఏమిటో అడిగి తెలుసుకుని, నా భాషలోనే చెప్పాడు. "గేజి మారలేదండీ. మీరు కొలుస్తున్న వస్తువే మారుతోంది. కొందరికి లయ కాసేపు తప్పి దానంతటదే సర్దుకుంటుంది. మళ్లీ తప్పుతుంది. మనం చూసినప్పుడు బాగుంటుంది, చూడనప్పుడు గడ్డ కట్టే పని అది చేసుకుపోతుంది. ఫోను చెప్పిందని నేను మందు రాయలేను, తప్పిన సమయంలో ఈసీజీలో పట్టుకోవాలి. రెండు వారాలు పొద్దునా సాయంత్రం మేడమ్ గారి వేలు పెట్టించండి. ఎరుపు వస్తే ఆ క్షణమే తీసుకురండి. ఆలస్యం చేస్తే దొరకదు. ఈలోపు మాట తడబడినా, మూతి వంకర పోయినా నా దగ్గరికి కాదు, నేరుగా పెద్దాస్పత్రికి పరుగెత్తండి."

ఆ సాయంత్రం సంతోషి వచ్చి, గుండె చూసే ఆ యాప్‌ని నా ఫోనులో ఎక్కించింది. పేరు దగ్గర విజయశ్రీ అని కొట్టబోతే మా ఆవిడ ఆపింది.

"నా పేరు మీద పెడితే పచ్చే వస్తుంది, చూశాంగా. ఆయన పేరు మీదైతే రోజుకి నాలుగుసార్లయినా పెడతాను. నా పేరు మీదైతే మాత్రం ఎవరికి తీరిక?"

నేను ఎగిరిపడబోయి ఆగాను. థైరాయిడ్ మాత్ర వారంలో మూడు రోజులు మరిచిపోయే మనిషి ఆమె. కళ్లజోడు విరిగితే ఏడాది దాకా దారం కట్టుకుని తిరిగింది. నా బీపీ మాత్ర మాత్రం ఒక్క పూట తప్పనివ్వలేదు. సరే, నా పేరే పెట్టమన్నాను. సంతోషి యాప్‌లో భూషణం అని కొట్టి, తన నోటుబుక్కులో మాత్రం "పేరు సార్‌ది, వేలు ఆంటీది" అని రాసుకుని కింద గీత గీసింది.

ఆ రెండు వారాల పరీక్ష విజయకి వ్రతమైపోయింది. పొద్దున స్నానం చేసి, కాఫీ తాగకముందే, తూర్పుముఖంగా కూర్చుని కెమెరా మీద వేలు ఆనించేది. పెదాలు కదిలేవి. నేను ఎదురుగా కూర్చుని ఫోను వంకే చూస్తూ ఆ నిమిషాన్ని భరించేవాణ్ని. పచ్చ వస్తే ఆమె నా వంక చూసి హాయిగా నవ్వేది. నాకు ప్రాణం లేచివచ్చేది. ఇద్దరం ఒకే రంగు చూసి ఒకరి కోసం ఒకరం సంతోషించేవాళ్లం, ఎవరి లెక్క వారిది. కూరగాయలు తేవడం నేను మొదలుపెట్టాను. మూడు అంతస్తులు ఎక్కడం ఎంత పనో అప్పుడు తెలిసింది.

తొమ్మిదో రోజు పొద్దున ఏడున్నరకి ఎరుపు వచ్చింది.

నేను లేచేలోపే విజయ లేచింది. "మీరు కంగారు పడకండి. ఏమీ కాదు. చెప్పులు నేను తెస్తాను" అంటూ నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి చెమటతో తడిసి ఉంది. మెట్ల మీద ఒక్కో మెట్టూ నన్నే జాగ్రత్తగా దింపుతున్నాననుకుంటూ ఆమె దిగుతుంటే, ఆమె పడిపోకుండా నేను నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నాను.

వీధి చివర ఆటో దొరికింది. ఎక్కగానే నాచారం ఆస్పత్రి అన్నాం.

"పేషంట్ ఎవలన్నా?" అని అడిగాడు డ్రైవరు వెనక్కి తిరిగి.

ఆమె నన్ను చూపించింది, నేను ఆమెను చూపించాను. వాడు ఇద్దర్నీ ఒకసారి పరికించి, హారన్ మీద చెయ్యేసి తోలాడు. స్కూలు బస్సుల వేళ అది. హబ్సిగూడ దగ్గర కదలకుండా ఎనిమిది నిమిషాలు నిలబడిపోయాం. లయ మళ్లీ సర్దుకుపోతుందేమో, డాక్టరు చూసేసరికి మామూలైపోతుందేమో, ఇంకో ఎరుపు కోసం ఇంకెన్నాళ్లు చూడాలో, ఈలోపు ఆ గడ్డ ఊరుకుంటుందో లేదో. భార్య గుండె సర్దుకోకూడదని కోరుకున్న మొగుణ్ని నేనొక్కణ్నే అయ్యుంటాను. విజయ తన అరచెయ్యి నా ఛాతీ మీద పెట్టి ఉంచింది. అదురుతున్నది ఆమె చెయ్యే.

డాక్టరు గదిలో మంచం ఖాళీగానే ఉంది. విజయ నన్ను దాని మీదికి తోసింది. "ఆయన్ని చూడండి డాక్టరుగారూ, త్వరగా." టెక్నీషియన్ తీగలు పట్టుకుని నిలబడిపోయాడు.

నా అలవాటు ప్రకారం అయితే అక్కడ అరవాలి. అరవలేదు. ఆమె రెండు భుజాలూ పట్టుకుని కూర్చోబెట్టి, "విజయా, ఇన్నాళ్లూ నా పేరు మీద వేలు పెట్టావు. ఈ పూట నా పేరు మీదే పడుకో" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. ఏమనుకుందో, చెప్పులు విడిచి పడుకుంది.

కాగితం బయటికి వస్తుంటేనే నాకు తెలిసిపోయింది. ఎన్నో గ్రాఫులు చూసిన కళ్లు ఇవి. గీతల మధ్య ఎడం ఒకచోట బెత్తెడు, ఒకచోట వేలెడు. డాక్టరు దాన్ని పైకెత్తి చూసి, "దొరికింది. మంచి టైముకి తెచ్చారు" అన్నాడు. గుండె పైగదులు లయ తప్పి అదురుతున్నాయనీ, రక్తం పలచబడే మాత్ర పూటకొకటి చొప్పున రోజుకి రెండు, ఒక్కటీ మానకుండా వేసుకోవాలనీ, గడ్డ కట్టే ప్రమాదం దాంతో చాలా మటుకు తగ్గిపోతుందనీ వివరంగా చెప్పాడు.

అంతా విని విజయ ఒక్కటే అడిగింది. "అయితే ఆయన గుండె బాగున్నట్టేనా?"

"నిక్షేపంగా ఉందమ్మా."

"అమ్మయ్య" అంది. పడుకునే నవ్వింది. తన ఒంటికి తీగలు అంటించి ఉన్నాయి, తనకే జబ్బని ఇప్పుడే చెప్పారు, ఆమె నవ్విన నవ్వు మాత్రం పరీక్షలో ఫస్టు మార్కు వచ్చిన పిల్ల నవ్వులా ఉంది. నేను వరండాలోకి వచ్చి గోడవైపు తిరిగి ఏడ్చాను. పేషంట్లు చూస్తున్నారని తెలిసినా ఆపుకోలేకపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అడిగాను. నిజంగానే నాదనుకున్నావా అని.

ఆమె రోడ్డువైపు చూస్తూ చెప్పింది. "డాక్టరుగారు మొదటిరోజు చెప్పినప్పుడే సగం అర్థమైందండీ. అయినా ఒకవేళ మీదేమోనన్న భయం పోలేదు. నాదని ఒప్పుకుంటే మానేసేదాన్నేమో. మీదంటేనే రోజూ లేచి కూర్చోగలిగాను."

సాయంత్రం సంతోషి వచ్చింది. సంగతి విని విజయని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేను ఆ పిల్ల ఎదురుగా నిలబడ్డాను. దొంగ రీడింగు అన్నాను, నౌకరీ పోయేంత పని చేశాను, అయినా గుమ్మం దాటకుండా నిలబడి ఆయాసం సంగతి అడిగింది. మళ్లీ ఓపికగా నా ఫోనులోనే ఆ యాప్ పెట్టి ఇచ్చింది. ఇంకెవరైనా అయితే నా నోటికి దండం పెట్టి పోయేవారు, తాళం వేసిన ఇంటి సంగతి నాకు తెలిసేది కాదు. రెండు చేతులూ జోడించి, "నా ఇల్లు నిలబెట్టావమ్మా" అన్నాను.

"అయ్యో, దండం పెట్టకున్రి అంకుల్, మీరు పెద్దోళ్లు" అని నా చేతులు పట్టి దించేసింది. "మా తాతకు ఎవ్వరు జెయ్యలే. ఆంటీకన్న చేసిన. నాకు గంతే చాలు." మజ్జిగ తాగి, పక్క బిల్డింగులో ఇంకా నాలుగిళ్లు మిగిలాయంటూ లేచింది. ఆ నాలుగిళ్లకీ నేను వెంట వెళ్లాను. రెండో ఇంట్లో ఒకాయన వేలివ్వనని అరుస్తుంటే నేను తిరిగి అరిచాను. నా కోపం ఒక మంచి పనికి ఉపయోగపడటం అదే మొదలు.

తిరిగొచ్చేసరికి విజయ అన్నం వడ్డించి ఉంచింది. భోజనం అయ్యాక నా బీపీ మాత్ర నా చేతిలో పెట్టి, తన కొత్త మాత్రని అరచేతిలో వేసుకుని చూస్తూ కూర్చుంది. మరిచిపోతుందేమో, నాలుగు రోజులు వేసుకుని అటకెక్కిస్తుందేమోనన్న భయం నాకు అప్పుడే పట్టుకుంది.

"అది కూడా నా పేరు చెప్పుకునే వేసుకో" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"వద్దులెండి. ఇది నాది. నాకు ఇంకొన్నాళ్లు ఉండాలని ఉంది."

మాత్ర నోట్లో వేసుకుని మంచినీళ్లు తాగింది. పెళ్లయిన ఈ నలభై ఏళ్లలో, తన కోసం ఫలానాది కావాలని ఆమె నోటితో అనగా నేను వినడం అదే మొదటిసారి.